చేతులకు చెప్పులు

భోపాల్‌పట్నం నుంచి మద్దేడ్ వెళ్లే రోడ్డును ఆనుకుని మాకొక చెలక ఉంది. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ అందులో నువ్వులే వేసేవాళ్లు. నువ్వుల మీద నాకు పగేమీ లేదు. కానీ మంచి నల్లమట్టి, పక్కనే వాగు, వాగు మీద మోటారు, ఇన్ని పెట్టుకుని ఆ చెలకను ఏడాదిలో సగం రోజులు ఖాళీగా పడుకోబెట్టడం చూస్తే నాకు ఒళ్లు మండేది. మిరప వేద్దామని మా మామను అడిగాను. అన్నం పెడుతూ అడిగాను, అన్నం పెట్టడం ఆపి అడిగాను. నేను పుట్టి పెరిగింది కిరందుల్ రైల్వే క్వార్టర్లలో. పెళ్లయ్యే దాకా మిరపకాయ అంటే కాగితం పొట్లంలో ఇంటికొచ్చే వస్తువు అనుకున్నదాన్ని. అలాంటిది మిరప తోట పెడతానంటే ఆయనకు నవ్వు రాక ఏమొస్తుంది? నవ్వీ నవ్వీ, చివరికి విసుగొచ్చి ఒక షరతు పెట్టాడు.

"సరే పిల్లా, ఏసుకో. పసులను ఇడిసినంక కూడ నీ తోట నిలబడితే ఆ చెలక ఇగ నీ ఇష్టం. నేను నోరు తెరువ. నిలబడకపోతే మళ్ల నువ్వులే. అప్పుడు నువ్వు నోరు తెరువొద్దు."

కిటుకంతా ఆ "పసులను ఇడిసినంక" అనే మాటలోనే ఉంది. మా వైపు వరి కోతలయి, కట్టలన్నీ కళ్లాలకు చేరాక, ఊరి పెద్దలు కూర్చుని ఒక రోజు అనుకుంటారు. కోట్వారు, అంటే ఊరి కావలివాడు, వీధి వీధీ తిరిగి చాటింపు వేస్తాడు. కాపరి మందనంతా ఆఖరిసారి రోడ్డు మీదికి తోలుకొచ్చి, చేతులు దులుపుకుని ఇంటికి వెళ్లిపోతాడు. ఇక మళ్లీ వానలు పడేదాకా పశువులకు తాడూ లేదు, కాపలా లేదు. ఎవరి పొలమైనా వాటి పొలమే. వరి మాత్రమే పండించే ఊరికి ఇది చక్కటి ఏర్పాటు. కానీ వరి అయిపోయే నాటికి మిరప అప్పుడప్పుడే కాపుకొస్తుంది. పశువులు కాయ జోలికి పోవు. ఆకు మేస్తాయి, కొమ్మ విరుస్తాయి, మిగిలినదాని మీద పడుకుని నెమరేస్తాయి. మా మామకు ఇదంతా బాగా తెలుసు. తెలిసే షరతు పెట్టాడు.

నారు తెచ్చి నాటాను. ఇక కంచె కావాలి. ముళ్లకంప కొట్టి వేయమన్నాడు మామ. కంపను మేకలు ఒక పూటలో లాగేస్తాయి. నాకు ముళ్లతీగే కావాలన్నాను. మా ఆయన్ని అడిగితే, తండ్రి మాట్లాడినప్పుడు కంప అన్నాడు, నేను మాట్లాడినప్పుడు తీగ అన్నాడు. ఆయనెప్పుడూ ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ల పక్షం. అందుకని ఆఖరున నేనే మాట్లాడాను. తీగ చుట్టలు వచ్చాయి.

ముళ్లతీగ చుట్టను ఎప్పుడూ విప్పని అదృష్టవంతులకు ఒక మాట చెప్పాలి. అది విప్పించుకోవడానికి ఇష్టపడదు. మనం లాగుతూ నాలుగడుగులు వేస్తే, వదిలిన మరుక్షణం అది మళ్లీ చుట్టుకుంటుంది, పోతూ పోతూ మనల్ని కూడా కలుపుకు పోతుంది. మొదటి రోజు సాయంత్రానికి నా రెండు అరచేతులూ పిల్లలు గీకి పారేసిన పలకల్లా ఉన్నాయి. అంతటితో ఊరుకున్నానా? రాత్రి పచ్చడికని పెరటి చెట్టు నుంచి తెంపుకొచ్చిన పచ్చిమిరపకాయలు ముందేసుకుని తుంపడం మొదలుపెట్టాను. గీతలు పడ్డ చేతులతో పచ్చిమిర్చి తుంపకూడదని మీకెవరూ చెప్పక్కర్లేదు. నాకు కూడా ఎవరూ చెప్పలేదు.

నా కేక విని కోళ్లు గూడెక్కడం మానేశాయి. ఏం చేయాలో తోచక రెండు చేతులూ మణికట్టు దాకా చల్ల కుండలో ముంచి కూర్చున్నాను. మా మామ వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు.

"ఇయ్యాల సల్ల లేదా?"

"ఉంది మామా. నా చేతులు తీసేదాక ఆగాలె."

ఆయన కుండలోకి తొంగి చూశాడు, నా మొహం చూశాడు, పప్పుతోనే తిని లేచిపోయాడు. పోతూ పోతూ "కంప కొట్టమంటి" అన్నాడు. ఆ రాత్రే అనుకున్నాను, ఈ తీగను పట్టుకోవడానికి చేతులకు ఏదో ఒకటి దొరికే దాకా నిద్రపోకూడదని. అలసిపోయి వెంటనే నిద్రపోయాను, అది వేరే సంగతి.

భోపాల్‌పట్నంలో మేం తీగ కొన్న దుకాణానికే ముందు వెళ్లాను.

"అన్నా, ఈ తీగ పట్టుకునేటందుకు గ్లౌజులున్నయా?"

"దస్తానేనా? ఠండ్ పెరిగినంక రా చెల్లె. ఉన్నివి వస్తయ్."

"ఠండ్‌కు కాదన్నా. కాంటా తార్‌కు."

"కాంటా తార్‌కు దస్తానే ఏంది? దానికి ఠండ్ పెడ్తదా?"

"మరి నువ్వెట్ల పట్టుకుంటవ్ దాన్ని?"

"నేనెందుకు పట్టుకుంట? నేను అమ్ముత."

ఇంతకన్నా నిజం మాట్లాడే వ్యాపారిని నేను చూడలేదు. తర్వాత మా ఆయనా నేనూ మద్దేడ్ సంతకు పోయాం. అక్కడ చలికాలపు సరుకు ముందే దిగింది. పసుపుపచ్చ ఉన్నివి, మణికట్టు దగ్గర కుచ్చులున్నవి దొరికాయి. మా ఆయన వాటిని తొడుక్కుని తీగ పట్టుకుని మొదటి గుంజ నుంచి బయల్దేరాడు. మొదటి గుంజ దగ్గరే ఉన్ని పోగు ముల్లుకు తగులుకుంది. ఆయన చూసుకోలేదు, నేను చూసీ చెప్పలేదు, ఎందుకంటే ఏమవుతుందో చూడాలనిపించింది. ఆయన నడుస్తున్న కొద్దీ వెనకాల పసుపుపచ్చ దారం సాగుతూ వచ్చింది. ముందు చిటికెన వేలు బయటపడింది, తర్వాత మిగతావి. వాగు ఒడ్డున ఆఖరి గుంజకు చేరేసరికి ఆయన చేతికి కుచ్చులున్న ఒక పట్టీ మాత్రం మిగిలింది. "ఏందే, గాలి తగుల్తున్నట్టుంది" అన్నాడు.

తర్వాత బీజాపూర్‌లో ఏదో ఆఫీసు పని మీద పోయినప్పుడు గిన్నెలు తోముకునే గులాబీ రంగు రబ్బరువి తెచ్చాడు. అవి నేను తొడుక్కున్నాను. మధ్యాహ్నం ఎండకు లోపల చెమటంతా వేళ్ల చివరలకు దిగి, ఒక్కో వేలు మా బర్రె పొదుగులా వేలాడింది. ముల్లు తగలగానే చూపుడు వేలు లోంచి సన్నని ధార కొట్టింది. గుంజ పట్టుకుని నిలబడ్డ మా ఆయన మొహం మీద పడింది. పాపం తుడుచుకుని, "ఉప్పగుంది" అన్నాడు.

వికెట్ కీపర్ గ్లౌజులు తెద్దామన్నది పూర్తిగా మా ఆయన సొంత ఆలోచన. పెళ్లయినప్పటి నుంచీ ఆయన నోటి నుంచి వచ్చిన మొట్టమొదటి సొంత ఆలోచన కాబట్టి కాదనలేకపోయాను. ఊళ్లో క్రికెట్ ఆడేవాళ్ల దగ్గర బతిమాలి తెచ్చుకున్నాడు. వాటితో సుత్తి పట్టుకోలేం, మేకు పట్టుకోలేం. ఎవరైనా విసిరితే మాత్రం పట్టుకోగలం. అందుకని నేను మేకు విసిరాను, ఆయన పట్టుకున్నాడు. భలే పట్టుకున్నాడు కూడా. పట్టుకున్న మేకును గుంజ మీదికి ఎలా చేర్చాలో ఇద్దరికీ తెలియలేదు. కాసేపు అలా మేకులు విసురుకుని ఇంటికొచ్చాం. కంచె ఉన్నచోటే ఉంది. చెలకలో మిరప పూత దాటి పిందె పట్టింది. ఎక్కడికక్కడ వరి కోతలు మొదలయ్యాయి. మా మామ రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి, పనిలేకపోయినా, నువ్వుల విత్తనం ఎవరి దగ్గర బాగుందో దారిన పోయేవాళ్లను గట్టిగా అడిగేవాడు. నాకు వినపడాలనే అడిగేవాడు.

ఇక లాభం లేదని కిరందుల్‌లో మా అన్నకు ఫోన్ చేశాను. సంగతంతా విని వాడు అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఏటే సెల్లీ! కంచి నువ్వు కడతన్నావేటి? మరి బావేటి సేత్తన్నాడు?"

"మేకులు పట్టుకుంటన్నాడు."

"పోనీలే, ఏదోటి సేత్తన్నాడు కదా" అన్నాడు.

వాడు మంచివాడు. గనుల ఊరు కాబట్టి అక్కడ బజార్లో వెల్డింగ్ వాళ్ల సామాను అమ్మే కొట్టుంది. అక్కడ కొని, పొట్లం కట్టి, బస్సు కండక్టర్ చేతికిచ్చాడు. ఆ కండక్టర్ బీజాపూర్‌లో ఇంకో కండక్టర్‌కు ఇచ్చాడు. ఈ రెండో ఆయన చలికి ఆగలేక పొట్లం విప్పి, అవి తొడుక్కునే టికెట్లు కొట్టుకుంటూ వచ్చాడు. మా ఊరి దగ్గర తీసి ఇచ్చేటప్పుడు కూతుర్ని అత్తారింటికి పంపుతున్నంత దిగులుగా ఇచ్చాడు.

అవండీ గ్లౌజులంటే! ముతక తోలు, మోచేతుల దాకా పొడుగు, బొటనవేలు దగ్గర కుట్టు మీద కుట్టు. తొడుక్కుని ముల్లు మీద బొటనవేలు పెట్టి నొక్కాను. ఏమీ లేదు. పిడికిలి బిగించి తీగ మొత్తాన్ని నలిపాను. ఏమీ లేదు! పెళ్లిలో గాజులు తొడిగినప్పుడు కూడా నా చేతుల్ని నేను అంతసేపు చూసుకోలేదు. సంతోషంతో ఆ చేతులతోనే అన్నం తినబోతే మా ఆయన ఆపాడు.

మర్నాడు పొద్దున అవి తొడుక్కుని దర్జాగా చెలక గట్టు దాటబోయాను. మా మామ అడ్డంగా నిలబడ్డాడు.

"అవేంది?"

"గ్లౌజులు మామా. మా అన్న పంపిండు."

"దేంతోని చేసిండ్రు?"

"తోలుతోని."

"ఇడువు."

ఇక్కడ మా మామ గురించి ఒకటి చెప్పాలి. మా వైపు అందరూ కళ్లంలోకి అడుగు పెట్టేటప్పుడు చెప్పులు విడుస్తారు. ధాన్యం ఉండే చోటు కదా. మా మామ అంతటితో ఆగడు. ఆయన చేను గట్టు మీదే విడుస్తాడు. పండిన చేనైనా, ఎండిన చేనైనా, పాము పుట్ట ఉన్న చేనైనా సరే, తోలు గట్టు దాటి లోపలికి రాకూడదు. చెలక మూల మీద ఆయన చెప్పులు రోజూ ఒకే చోట, ఒకే తీరుగా ఉంటాయి. ఉన్నివీ రబ్బరువీ క్రికెట్‌వీ బట్టల లెక్కలో చెల్లిపోయాయి. ఇవి మాత్రం ఆయన కంట్లో పడ్డాయి.

"చెప్పులేసుకోని చేన్లకు రావద్దంటి గదా. చేతులకు చెప్పులేసుకోని వస్తవా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మరి ఎద్దులు రావట్లేదా చేన్లోకి? వాటికి ఒళ్లంతా తోలే కదా!"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "అది దాని సొంత తోలు."

"సొంతదైతే పర్వాలేదా?"

"పర్వలేదు. నీకు కూడ దేవుడు సొంత తోలు ఇచ్చిండు. దాంతోని చెయ్యి."

"నా సొంత తోలు అయిపోయింది మామా!" అని గ్లౌజులు పీకి రెండు అరచేతులూ ఆయన ముందు పెట్టాను. ఆయన చూశాడు. చూసి ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే మా ఆయన నాకు సాయం చేద్దామని నోరు తెరిచాడు.

"నాయినా, నా బెల్టు కూడ తోలుదే గదా. నేను రోజు చేన్లకు వస్తలేనా?"

మా మామ కొడుకు నడుము వైపు కొత్తగా చూశాడు. ఇన్నేళ్లుగా కళ్ల ముందు జరుగుతున్న ఘోరం ఆయనకు అప్పుడే తెలిసింది. "ఇడువు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన చెప్పుల పక్కన మా ఆయన బెల్టు కూడా చేరింది. మా ఆయన ప్యాంటుకు కొబ్బరితాడు కట్టుకుని పని చేశాడు. అది మూడుసార్లు వదులైతే రెండుసార్లు మాత్రమే పట్టుకోగలిగాడు. బదలు పనికి వచ్చిన పొరుగువాళ్లు ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు. బదలు అంటే ఈ వారం వాళ్లు మా పనికి వస్తే పై వారం మేం వాళ్ల పనికి పోవడం. ఆ ఏడు వాళ్లు పిలవకుండానే వచ్చారు, చూడ్డానికి అంత బాగుండేది.

చాలా వాదించాక మా మామ ఒక మెట్టు దిగాడు. "గట్టు బయట ఏం తొడుక్కుంటరో మీ ఇష్టం. గట్టు లోపటికి తోలు రావద్దు. గంతే." కంచె గట్టు మీదే వస్తుంది కాబట్టి బయట నిలబడి తీగ లాగడానికి నాకు గ్లౌజులు చెల్లుతాయి. ఇబ్బంది ఎక్కడంటే, మేకు కొట్టేటప్పుడు గుంజ ఊగకుండా లోపలి వైపు నుంచి ఒకరు ఆనుకుని పట్టుకోవాలి, తీగను ఎత్తి మేకుకు అందించాలి. అది వట్టి చేతులతోనే చేయాలి. ఆ పని ఎవరు చేస్తారని అడిగితే బదలుకు వచ్చినవాళ్లంతా ఒక్కసారిగా ఆకాశం వైపు చూసి, వాన వచ్చేలా ఉందన్నారు. ఎక్కడా మబ్బు లేదు.

"నేను పట్టుకుంట, పాండ్రి" అన్నాడు మా మామ.

అలా మొదలైంది పని. గట్టుకు బయట మేమంతా, లోపల ఆయనొక్కడు. నేను గ్లౌజులతో తీగ పట్టుకుని ఉంటాను, ఒకాయన గడ్డపార దూర్చి మెలి తిప్పి బిగిస్తాడు, మా ఆయన సుత్తితో మేకు కొడతాడు, లోపల మా మామ గుంజను కౌగిలించుకుని నిలబడతాడు. నిలబడి ఊరుకోడు. కబడ్డీ గీత దగ్గర నిలబడ్డ అంపైరులా గట్టునే చూస్తుంటాడు. నేను బలం కోసం కొంచెం ముందుకు వంగితే, "చెయ్యి లోపటికొచ్చింది!" అని అరుస్తాడు.

"మనిషి బయటే ఉంది కదా మామా!"

"మనిషి రావచ్చు. చెయ్యి రావద్దు."

కోపమొస్తే నాకు కిరందుల్ తెలుగు తన్నుకొస్తుంది. "ఇదేటి న్యాయమండీ బాబూ!" అంటే, బదలు వాళ్లు నవ్వేవాళ్లు. పని మాత్రం సాగింది. తోలు గ్లౌజులు నిజంగానే తోలు గ్లౌజులు. ఎంత లాగినా ఒక్క పోగు లేవలేదు. నా చేతులు మెల్లగా మానాయి. ఆయన చేతులు పాడయ్యాయి.

ఆయన చెప్పలేదు. అడిగితే "ఏం కాలే" అన్నాడు. కానీ అన్నం దగ్గర కూర్చున్నప్పుడు అరచెయ్యి తగలకుండా వేళ్ల కొసలతో కలుపుకోవడం చూశాను. చారు పోసుకున్నప్పుడు కళ్లు మూసుకోవడం చూశాను. రూలు ఆయన పెట్టిందే, పెట్టి అనుభవిస్తున్నదీ ఆయనే. ఇందులో నాకేం సంబంధం అనుకున్నాను. అయినా జాలేసింది. జాలేసినందుకు కోపమొచ్చింది. నా తోట ఓడిపోవాలని షరతు పెట్టిన మనిషి, దాని కంచె కోసం చేతులు చీల్చుకుంటాడేంటి? ఆయన ఏ పక్షమో నాకు తెలిసి చావలేదు.

చాటింపు మేం అనుకున్నదాని కన్నా ముందే పడింది. ఆ ఏడు కోతలు తొందరగా అయిపోయాయట. పొద్దున కోట్వారు డప్పు కొట్టుకుంటూ పోయాడు, ఆ పొద్దే పశువులను వదులుతున్నారని. మేం అప్పటికే చెలక దగ్గరున్నాం. నాలుగు వైపులా కంచె అయింది, రోడ్డు వైపు ఒక్క సందు తప్ప. అక్కడ మా ఆయన వెదురు తడక అల్లి తలుపు పెట్టాలి. ఆ తడక ఇంకా వెదురు పొదలోనే పెరుగుతోంది.

ఊరి వైపు నుంచి పశువుల మెడలో చెక్కగంటలు వినిపించాయి. మిరప చెట్లు నడుమెత్తు ఉన్నాయి, కాయ బరువుకు కొమ్మలు వంగి ఉన్నాయి. అంతా ఆ ఒక్క సందులోంచి పోతుంది. తర్వాత నా బతుకంతా నువ్వులే.

"తలుపు సంగతి తర్వాత! తీగ లాగండి! ఏటి సూస్తన్నారు, లాగండెహె!" అని గావుకేక పెట్టాను.

అందరూ ఒక్క ఊపున పడ్డారు. నేను తీగ పట్టుకుని వెనక్కి వాలిపోయాను, గడ్డపార మెలి తిరిగింది, కొబ్బరితాడు ప్యాంటుతో మా ఆయన టకటకా మేకులు దించేశాడు. మా మామ ఎప్పటిలాగే గుంజను గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. కింద వరస, మధ్య వరసలు, పై వరస. మందలో ముందు నడిచే ఎద్దు మలుపు దగ్గర కనిపించే సమయానికి ఆఖరి మేకు దిగింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మా ఆయన సుత్తి కింద పెట్టి చుట్టూ చూశాడు.

"నాయినేడి?"

"ఈడున్న" అన్నాడు మా మామ, కంచె లోపలి నుంచి.

మేమంతా బయట ఉన్నాం. ఆయన చెప్పులు బయట ఉన్నాయి, కొడుకు బెల్టు బయట ఉంది, గ్లౌజులు బయట ఉన్నాయి. లోపల మిరప తోటా, మా మామా ఉన్నారు. ఆయన పరువు పోకుండా మామూలుగా బయటికి వద్దామని పంచె ఎగ్గట్టి రెండు వరసల మధ్య కాలు పెట్టాడు. పంచె ముల్లుకు పట్టుకుంది. దాన్ని విడిపించుకోబోతే రెండో వైపు పట్టుకుంది. నేను గబగబా ముందుకు వంగి, తీగలను ఎడం చేద్దామని గ్లౌజు చెయ్యి చాపాను.

"చెయ్యి లోపటికి..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి, ఆపేశాడు. గొంతు సవరించుకున్నాడు.

బదలు వాళ్లలో ఒకాయన పొట్ట పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. నాకూ నవ్వొచ్చేదే, కానీ మంద దగ్గరికి వచ్చేసింది. మా ఆయన జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి నా చేతిలో పెట్టాడు. "కొయ్యే. నాయిన లోపల్నే ఉండిపోతడా ఏంది?" అన్నాడు.

కోస్తే ఆయన బయటికొస్తాడు. కోసిన చోట పశువులు లోపలికి పోతాయి. మళ్లీ బిగించే వ్యవధి లేదు. కొయ్యకపోతే, ఊరంతా చూస్తుండగా పెద్దమనిషిని చేనులో బంధించి నిలబెట్టిన కోడలినవుతాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పై తీగను ప్లేయర్ నోట్లో పెట్టి ఆయన వైపు చూశాను.

"కొయ్యనా మామా?"

కొయ్యమంటే చాలు. షరతు ఆయనే గెలుస్తాడు, ఎవరూ ఒక్క మాట అనరు. ఆయన మందను చూశాడు. వెనక్కి తిరిగి తోటను చూశాడు. కాయల్ని చాలాసేపు చూశాడు.

"కొయ్యకు" అన్నాడు. "పోనీ పసులను."

పంచె కొస చింపుకుని కాలు వెనక్కి లాక్కున్నాడు. మంద వచ్చేసింది. కొన్ని మా మొహం కూడా చూడకుండా రోడ్డు మీదే పోయాయి. కొన్ని కంచె దాకా వచ్చి, ముట్టె తగిలించి, ముల్లు గుచ్చుకుని వెనక్కి తగ్గాయి. మా ఇంటి బర్రె మాత్రం లోపల మా మామను చూసి ఆగిపోయింది. రోజూ కుడితి పెట్టే మనిషి పచ్చని ఆకు మధ్య నిలబడి ఉంటే, అది తన కోసమే అనుకోదూ? పెద్దగా అరిచి, ఛాతీతో తీగను నెట్టింది. గుంజ కిర్రుమంది. మా మామ తన చీరుకుపోయిన చేతులతో గుంజను లోపలి నుంచి ఆపి పట్టుకున్నాడు. అటు బర్రె, ఇటు ఆయన. కాసేపటికి బర్రె అలిగి పక్కకు తిరిగింది. తీగ సడలలేదు.

వెనకాల వస్తున్న కాపరి కంచె ముందు ఆగి, కర్ర మీద గడ్డం ఆనించుకుని లోపలికి చూశాడు. ఊళ్లో అందరికీ చెప్పుకోవడానికి మంచి ముచ్చట దొరికిన సంతోషం ఆయన మొహంలో కనిపించింది.

"పెద్దాయనా, నిన్నెవరు కట్టేసిండ్రు? పాపం బర్రె గంతగనం ఏడుస్తుంది. నీ చెలకనే గదా, జెర దారి ఇడువరాదూ?"

"నా చెలక కాదు" అన్నాడు మా మామ. "ఇది మా కోడలి చేను. కంచె ఆమె కట్టింది. ఆమె ఇప్పక నేనే బయటికి రాలేకపోతున్న, బర్రె లోపటికెట్ల వస్తది?"

కాపరి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను. ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచి ఫలానాది నీది అని నాతో ఎవరూ అనలేదు. నాకు ఎంత సంతోషమైందంటే, నోట మాట రాలేదు. నోట మాట రాకపోవడం నాకు కొత్త. మా ఆయన భయపడి "ఏమైందే?" అని అడిగాడు.

మంద మొత్తం దాటేదాకా తీగ కొయ్యలేదు. మా మామ కూడా తొందరపెట్టలేదు. సాళ్ల మధ్య అటూ ఇటూ నడిచాడు, ఒక చోట కలుపు పీకాడు, ఎండ ఎక్కాక చెట్ల నీడలో చతికిలబడ్డాడు. మేం తెచ్చుకున్న సద్ది అన్నం మూట కంచె మీది నుంచి అందించాను. వట్టి చేతులతోనే అందించాను. మూట విప్పుకుని, ఉల్లిగడ్డ చితక్కొట్టి, ముద్ద కలుపుకున్నాడు. ఎదురుగా చెట్టు నిండా కాయలు వేలాడుతున్నాయి. చెయ్యి చాపబోయి ఆగాడు. తల తిప్పి నా వైపు చూశాడు.

"బిడ్డా," అన్నాడు, "ఒక్క కాయ తెంపుకోనా?"